యంత్రం మౌనంగా ఉంటే...

బాయిలర్‌లో వేడి, ట్యాంకులో మట్టం, మోటారులో వణుకు... ఫ్యాక్టరీలో ప్రతి కబురూ ఇప్పుడు తీగల మీదుగానే కంట్రోల్ రూమ్‌కు చేరుతోంది. యంత్రాల మధ్య నడిచే ఈ మాటామంతీ పేరే ఇండస్ట్రియల్ నెట్‌వర్క్. అది సవ్యంగా సాగినంత కాలం దాని సంగతే ఎవరికీ పట్టదు. కబురు రాకపోయినా, తప్పుడు కబురు వచ్చినా మాత్రం ఒక్కోసారి ప్రాణాల మీదికే వస్తుంది.

అర్ధరాత్రి త్రీఫేజ్ కరెంటు వస్తే టార్చిలైటు పట్టుకుని పొలం గట్ల మీద నడిచి వెళ్లి మోటారు వేయడం... మన పల్లెల్లో రైతులందరికీ తెలిసిన కష్టమే. చీకట్లో పాము కాటుకు గురైనవారు, తడిచేత్తో స్టార్టరు ముట్టుకుని షాక్ తిన్నవారు ఎందరో. మొబైల్ స్టార్టర్ వచ్చాక ఆ బాధ చాలామందికి తప్పింది. స్టార్టరు డబ్బాలో ఓ సిమ్‌కార్డు ఉంటుంది. మంచం మీది నుంచే దానికి ఫోన్ చేస్తే చాలు, మోటారు తిరుగుతుంది. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లయిపోయి మోటారు ఉత్తినే తిరుగుతున్నా తనంతట తానే ఆపేసి, ఆ సంగతి రైతుకు చేరవేస్తుంది.

ఆ చిన్న డబ్బా చేసే పనిని మూడు ముక్కల్లో చెప్పొచ్చు. కొలవడం, కబురు పంపడం, ఆజ్ఞ పాటించడం. మందుల ఫ్యాక్టరీ అయినా, పాల డెయిరీ అయినా, సిమెంటు బట్టీ అయినా లోపల జరిగేది ఇదే. కాకపోతే అక్కడ ఒక్క మోటారు కాదు... వందలు, వేల పరికరాలు. ఒకేసారి మాట్లాడతాయి. సెకనులో వందో వంతు ఆలస్యమైనా కొన్ని పనులు చెడిపోతాయి.

పాలప్యాకెట్ వెనక కథ

పొద్దున్నే ఇంటి గుమ్మంలో పడే పాలప్యాకెట్టునే తీసుకుందాం. డెయిరీలో పాలను కనీసం 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లపాటు ఉంచి వెంటనే చల్లబరుస్తారు. రోగకారక క్రిములు చావాలంటే ఆ వేడి తగలాల్సిందే. వేడి చేసిన పాలు ముందుకెళ్లే దారిలో ఓ సెన్సర్ ఉంటుంది. ఉష్ణోగ్రత గీత దాటి కిందికి జారిందో... అక్కడున్న వాల్వు వెంటనే దారి మళ్లించి ఆ పాలను మళ్లీ మొదటికే పంపేస్తుంది. సరిగ్గా వేడెక్కని చుక్క ముందుకు పోదు.

ఇందులో సెన్సర్ చర్మం లాంటిది. వేడి, ఒత్తిడి, మట్టం, వేగం... ఏదైనా పసిగడుతుంది. నిర్ణయం తీసుకునేది పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్. దాని పూర్తి పేరు ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్. చేతులూ కాళ్లూ వాల్వులు, మోటార్లు. వీటన్నిటినీ కలిపే నరాల అల్లికే నెట్‌వర్క్. ఆ అల్లిక చివర కంట్రోల్ రూమ్‌లోని స్క్రీను మీద ఫ్యాక్టరీ మొత్తం బొమ్మలా కనిపిస్తుంది. దూరదూరాన ఉన్న యంత్రాలను ఇలా ఒకచోటి నుంచి గమనిస్తూ నడిపించే ఏర్పాటునే ‘స్కాడా’ అంటారు.

సున్నా ఎందుకు సున్నా కాదు?

ఇవేవీ లేని రోజుల్లో ఫ్యాక్టరీల్లో ఒకటే పద్ధతి. గంటకోసారి ఓ మనిషి ప్లాంటంతా తిరిగి, ప్రతి మీటరూ చూసి లాగ్‌బుక్‌లో రాసుకురావడం. ఆపరేటరు రౌండుకు రౌండుకూ మధ్య ఏం జరిగిందన్నది దేవుడికే తెలియాలి. ఆ తర్వాత గాలిగొట్టాలు వచ్చాయి. సన్నటి గొట్టంలో గాలి ఒత్తిడిని 3 నుంచి 15 పీఎస్ఐల మధ్య మారుస్తూ దూరాన ఉన్న మీటరు ముల్లును కదిలించేవారు. తర్వాత గాలి స్థానంలో కరెంటు వచ్చింది. 4 నుంచి 20 మిల్లీయాంపుల సిగ్నల్... నేటికీ ప్రపంచంలోని లెక్కలేనన్ని ఫ్యాక్టరీల్లో నడుస్తున్న భాష ఇదే.

లెక్క చాలా సులువు. ఓ ట్యాంకులో సున్నా నుంచి 100 డిగ్రీల దాకా కొలవాలనుకుందాం. సున్నా డిగ్రీలైతే తీగలో 4 మిల్లీయాంపులు పారతాయి. వంద డిగ్రీలైతే 20. యాభై అయితే సరిగ్గా మధ్యన, 12.

మరి సున్నా డిగ్రీలకు సున్నా మిల్లీయాంపులే పెట్టొచ్చుగా, నాలుగెందుకు? అసలు కిటుకంతా అక్కడే ఉంది. సున్నాకు సున్నా అని పెడితే, ఎలుక కొరికి తీగ తెగిపోయినప్పుడు కూడా సున్నానే వస్తుంది. నిజంగా ట్యాంకు చల్లబడిందా, తీగ తెగిందా తెలియదు. అదే నాలుగుతో మొదలెడితే... సున్నా వచ్చిందంటే అది ఉష్ణోగ్రత కాదు, తీగకేదో అయిందన్నమాట! వెంటనే అలారం మోగుతుంది.

అంటే, యంత్రం మౌనంగా ఉంటే ‘అంతా బాగుంది’ అనుకోకూడదు. మౌనానికీ ఓ అర్థం ఉండాలి. ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌లో మొదటి పాఠం ఇదే.

కొత్త మోడల్ వస్తే తీగలన్నీ పీకాల్సిందే!

1960లలో కార్ల ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపించినవి రిలేలు. గోడ పొడవునా బీరువాలు, వాటి నిండా టకటకలాడే రిలేలు, వాటిని కలుపుతూ వేల తీగలు. ఏటా కారు మోడల్ మారితే ఆ తీగలన్నీ విప్పి మళ్లీ కొత్తగా కలపాలి. ఎక్కడో ఒక రిలే పాడైతే అదెక్కడుందో వెతకడానికే పూటలు పట్టేది. ఈ తలనొప్పి భరించలేక అమెరికాలోని జనరల్ మోటార్స్‌కు చెందిన హైడ్రామాటిక్ విభాగం ‘తీగలు మార్చకుండా ప్రోగ్రామ్ మారిస్తే సరిపోయే పెట్టె’ కావాలని అడిగింది.

సరిగ్గా అలాంటి ఆలోచనే చేస్తున్నాడు మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్‌లో పనిచేసే ఇంజినీరు డిక్ మోర్లీ. 1968 జనవరి 1న, కొత్త సంవత్సరం నాడు, తన ఊహను ఆయన కాగితం మీద పెట్టాడని చెబుతారు. ఆ సంస్థ చేపట్టిన 84వ ప్రాజెక్టు కావడంతో ఆ పెట్టెకు ‘084’ అని పేరొచ్చింది. దాన్ని తయారుచేసేందుకు పెట్టిన కంపెనీయే మోడికాన్. దుమ్ము, వేడి, అదురు అన్నీ తట్టుకునేలా చేసిన ఆ పెట్టే పీఎల్‌సీలకు మూలపురుషుడు.

పీఎల్‌సీలు పెరిగేకొద్దీ అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సిన అవసరం వచ్చింది. 1979లో అదే మోడికాన్ ఓ భాషను తయారుచేసింది. పేరు మోడ్‌బస్. నలభై అయిదేళ్లు దాటినా అది ఇంకా రిటైరు కాలేదు. కరెంటు మీటర్లు, జనరేటర్లు, సోలార్ ఇన్వర్టర్లు, బాయిలర్లు... ఎన్నో పరికరాల్లో ఇప్పటికీ అదే.

బళ్లో హాజరు పిలిచినట్టు...

మోడ్‌బస్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే బడికి వెళ్లినవారెవరికైనా కొత్తగా చెప్పక్కర్లేదు. మేష్టారు హాజరు పిలుస్తుంటే పిల్లలంతా కిమ్మనకుండా కూర్చుంటారు. ‘రోల్ నంబర్ 17’ అంటే ఆ పిల్లాడొక్కడే లేచి పలుకుతాడు. మోడ్‌బస్‌లోనూ అంతే. ఒక తీగ మీద ఒక్కటే మేష్టారు. పరికరాలకు 1 నుంచి 247 దాకా నంబర్లు. ‘17వ నంబరూ, నీ దగ్గర ఫలానా గడిలో ఉన్న అంకె ఎంత?’ అని అడిగితే అదొక్కటే జవాబిస్తుంది. అందరూ ఒకేసారి అరిచే గొడవ ఉండదు. దారిలో అంకె చెడిపోకుండా చివర్లో సరిచూసుకునే లెక్కొకటి జతచేస్తారు.

ఇంత సులువు కాబట్టే ఇది ఊరూరా పాకింది. అయితే ఓ చిక్కు కూడా ఉంది. మోడ్‌బస్ గడిలో సాధారణంగా ఉండేది సున్నా నుంచి 65,535 లోపు ఒక పూర్ణాంకం. డిగ్రీలా, అడుగులా, లీటర్లా... అది చెప్పదు. 25.4 డిగ్రీలను పంపాలంటే పదితో హెచ్చవేసి 254 అని పంపుతారు. అటువైపు వారు పదితో భాగించుకోవాలి. ఆ ఒప్పందం కాగితం మీద రాసి లేకపోతే, పాత ఇంజినీరు మానేసి కొత్త ఇంజినీరు వచ్చిన రోజున 25 డిగ్రీల నీళ్లు స్క్రీను మీద 254 డిగ్రీలై కూర్చుంటాయి! అందుకే అనుభవజ్ఞులు యంత్రంతోపాటు ‘రిజిస్టర్ మ్యాప్’ అనే ఆ కాగితాన్నీ అడిగి తీసుకుంటారు.

ఒక భాష అడిగితే... ఎనిమిది!

1980ల తర్వాత కంపెనీకో భాష పుట్టుకొచ్చింది. జర్మనీలో ప్రొఫీబస్. కార్ల కోసం బాష్ కంపెనీ చేసిన క్యాన్. అమెరికాలో మరికొన్ని. ఒక కంపెనీ పీఎల్‌సీ కొంటే మిగతావన్నీ ఆ భాష వచ్చినవే కొనాలి. ప్రపంచమంతటికీ ఒకే ప్రమాణం ఉండాలని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ఏళ్ల తరబడి చర్చలు జరిపింది. ఎవరికి వారు తమదే గొప్పన్నారు. చివరికి 2000 ప్రాంతంలో ప్రమాణం బయటికొచ్చింది. అందులో ఉన్న భాషలు ఒకటి కాదు, ఎనిమిది! ఇంజినీర్లు దీన్ని ‘ఫీల్డ్‌బస్ యుద్ధం’ అని ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు.

ఈలోగా ఆఫీసుల్లో ఈథర్‌నెట్ రాజ్యమేలుతోంది. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ రూపుదిద్దిన పద్ధతి అది. చౌక, వేగం. మరి ఫ్యాక్టరీలోనూ అదే పెట్టేస్తే? తొలినాళ్ల ఈథర్‌నెట్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరూ ఆగి, ఎవరికి తోచినంతసేపు వారు ఆగి, మళ్లీ మొదలెట్టేవారు. ఆఫీసులో ఈమెయిల్ అర సెకను ఆలస్యమైతే కొంప మునగదు. సీసాల మీద మూతలు బిగించే యంత్రంలో అదే ఆలస్యమైతే మూత ఒకచోట, సీసా ఒకచోట!

స్విచ్‌లు వచ్చి ఆ ఢీకొట్టుకోవడం తప్పింది. తర్వాత కచ్చితమైన వేళకు కబురు అందించే కొత్త పద్ధతులు వచ్చాయి. 2003లో జర్మనీకి చెందిన బెకాఫ్ తెచ్చిన ఈథర్‌క్యాట్ వాటిలో ఒకటి. అదో ఆగని రైలు. పరికరాలన్నీ దారిలోని స్టేషన్లు. రైలు కదులుతుండగానే ప్రతి స్టేషనూ తనకొచ్చిన మూటను దించుకుని, తాను పంపాల్సిన మూటను ఎక్కించేస్తుంది. ఒక్క రైలు ఓ చుట్టు తిరిగొస్తే అందరి కబుర్లూ అందినట్టే.

పరికరం రాసే వీలునామా

ఫ్యాక్టరీ గోడ దాటితే మరో సమస్య. ఎడారిలో వందల కిలోమీటర్ల చమురు పైపులైను. ఉపగ్రహం ద్వారా మాట్లాడాలి. ఒక్కో అక్షరానికీ డబ్బులే. ఆ అవసరం కోసమే 1999లో ఐబీఎం ఇంజినీరు ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, మరో ఇంజినీరు ఆర్లెన్ నిప్పర్ కలిసి ఎంక్యూటీటీ అనే పద్ధతి తయారుచేశారు. ఇందులో హాజరు పిలవడం ఉండదు. దినపత్రికకు చందా కట్టినట్టే... ఎవరికి ఏ కబురు కావాలో వారు మధ్యనున్న కేంద్రానికి ముందే చెప్పుకుంటారు. మార్పు ఉన్నప్పుడే పరికరం కబురు పంపుతుంది. కావాల్సినవారికి కేంద్రం పంచిపెడుతుంది.

ఇందులో ఓ చక్కటి ఏర్పాటుంది. దాని పేరే వీలునామా! ప్రతి పరికరమూ కేంద్రంతో కలిసేటప్పుడే ‘నేను హఠాత్తుగా మాట్లాడటం మానేస్తే నా తరఫున ఈ కబురు అందరికీ చెప్పు’ అని రాసివ్వొచ్చు. కరెంటు పోయో, తీగ తెగో ఆ పరికరం మూగబోతే కేంద్రం ఆ వీలునామాను చదివి వినిపిస్తుంది. మొదట్లో చెప్పుకున్న నాలుగు మిల్లీయాంపుల పాఠమే ఇది కూడా. మౌనాన్ని మంచి కబురుగా పొరబడకుండా కాపాడటం.

ఈ జాగ్రత్త తీసుకోని చోట ఏమవుతుందంటే... లింకు తెగిపోయినా స్క్రీను మీద చివరిగా వచ్చిన అంకె అలాగే నిలిచిపోతుంది. బయట ట్యాంకు మరిగిపోతున్నా లోపల ఆపరేటరుకు గంట కిందటి 24 డిగ్రీలే కనిపిస్తాయి. అందుకే మంచి వ్యవస్థల్లో ప్రతి అంకె పక్కనా ‘ఇది ఎప్పటిది, నమ్మదగిందేనా’ అన్న వివరం కూడా వస్తుంది.

లాభాలు తక్కువేం కాదు

నెట్‌వర్క్ పెట్టాక యంత్రం పాడయ్యేదాకా ఆగాల్సిన పనిలేదు. బేరింగు అరగడం మొదలవగానే మోటారు వణుకులో తేడా వస్తుంది. మనిషి చెవికి వినిపించకముందే సెన్సర్ పట్టేస్తుంది. సిమెంటు బట్టీ లోపల 1400 డిగ్రీలకు పైగా వేడి ఉంటుంది. లోపలి ఇటుక ఒకటి ఊడిపోతే బయటి ఉక్కు గొట్టం ఆ చోట ఎర్రబారుతుంది. తిరుగుతున్న బట్టీని పరారుణ స్కానర్ నిత్యం చూస్తూ ఎక్కడ వేడెక్కుతోందో స్క్రీను మీద రంగుల్లో చూపిస్తుంది. ఆదివారం పూట, తీరిగ్గా ఆపి బాగుచేసుకోవచ్చు.

హైదరాబాద్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలకైతే ఇది వ్యాపారానికే ఆయువుపట్టు. అమెరికాకు మందులు పంపాలంటే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీదారులు వచ్చి రికార్డులు చూస్తారు. కంప్యూటర్‌లో ఉండే రికార్డులు ఎలా ఉండాలో 1997లోనే ఆ సంస్థ నిబంధనలు పెట్టింది. ఫలానా రోజు, ఫలానా గంటకు రియాక్టర్‌లో ఎంత వేడి ఉందన్నది ఎప్పటికప్పుడే నమోదవ్వాలి. ఎవరైనా అంకె మారిస్తే ఎవరు, ఎప్పుడు మార్చారో కూడా నమోదవ్వాలి. సాయంత్రం కూర్చుని రోజంతటి రీడింగులు రాసేసే అలవాటుకు అక్కడితో చెల్లు.

మీటరు లేనిచోట...

ఇంత గొప్ప ఏర్పాటుకూ ఒక హద్దుంది. మీటరు పెట్టిన చోటి సంగతే అది చెబుతుంది. పెట్టనిచోట ఏం జరుగుతోందో ఎంత ఖరీదైన నెట్‌వర్కుకైనా తెలియదు.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీమైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో ఓ వాల్వు తెరుచుకుని మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూమ్‌లో మాత్రం దాని దీపం ఆరిపోయింది. వాల్వు మూసుకుందనుకున్నారు ఆపరేటర్లు. నిజానికి ఆ దీపం చూపింది వాల్వుకు ‘మూసుకో’ అన్న ఆజ్ఞ వెళ్లిందని మాత్రమే. అది పాటించిందో లేదో చూసే ఏర్పాటు అక్కడ లేదు. రియాక్టర్‌ను చల్లార్చే నీరు ఆ వాల్వు గుండా పోతూనే ఉంది. చివరికి రియాక్టర్ లోపలి ఇంధనం కొంత కరిగిపోయింది.

2005 మార్చి 23న టెక్సాస్ సిటీలోని బీపీ చమురు శుద్ధి కర్మాగారంలో ఓ టవరును మళ్లీ నడుపుతున్నారు. దాని ఎత్తు 170 అడుగులు. ద్రవం మట్టం కొలిచే పరికరం మాత్రం అడుగున సుమారు పది అడుగుల లోపే కొలవగలదు. ద్రవం 150 అడుగులు దాటిపోయినా స్క్రీను మీద మట్టం పది అడుగుల లోపే ఉన్నట్టు, పైగా తగ్గుతున్నట్టు కనిపించింది. ద్రవం పొంగి, ఆవిరై, అంటుకుంది. 15 మంది చనిపోయారు. 180 మంది గాయపడ్డారు.

ఆ తర్వాత పదిహేనేళ్లకు మన విశాఖ. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురం ప్రజలు నిద్రలో ఉండగా ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిని కమ్మేసింది. 12 మంది ప్రాణాలు పోయాయి. వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు. స్టైరీన్‌ను ఎప్పుడూ చల్లగా ఉంచాలి. వేడెక్కితే అణువులు ఒకదానికొకటి అతుక్కుంటూ మరింత వేడిని పుట్టిస్తాయి. ఆ వేడికి ఇంకా అతుక్కుంటాయి. ఒకసారి మొదలైతే ఆపడం కష్టం. లాక్‌డౌన్ కారణంగా ఫ్యాక్టరీ ఆగి, సరుకు ట్యాంకులో రోజుల తరబడి నిల్వ ఉండిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ అదే ఏడాది జులైలో నివేదిక ఇచ్చింది. అందులో ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి... ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే పరికరం అడుగునే ఉంది. పై భాగంలో లేదు. వేడి పైకి చేరుతుంటే కంట్రోల్ రూమ్‌కు అందింది అడుగున ఉన్న చల్లదనమే. జనాన్ని అప్రమత్తం చేయాల్సిన సైరన్ కూడా మోగలేదు.

టెక్సాస్‌లోనూ, విశాఖలోనూ లోపం ఒకటే కాదు, చాలా ఉన్నాయి. అయితే రెండు చోట్లా కింద మాత్రమే కొలిచారు. ముప్పు పైన పెరిగింది.

అబద్ధం కూడా చెప్పించొచ్చు

రెండో ప్రమాదం మనుషుల వల్ల. మోడ్‌బస్ పుట్టిన రోజుల్లో ఫ్యాక్టరీ తీగ ఫ్యాక్టరీ గోడ దాటేది కాదు. అందుకే ఆజ్ఞ ఇస్తున్నది ఎవరని అడిగే తాళం అందులో పెట్టలేదు. తీగ దాకా చేరినవారెవరైనా మేష్టారే! ఆ తీగే తర్వాత ఇంటర్నెట్‌తో కలిసింది.

2000 సంవత్సరంలో ఆస్ట్రేలియాలోని మరూచీలో మురుగునీటి పంపులు వాటంతటవే ఆగిపోవడం, అలారాలు మోగకపోవడం మొదలైంది. ఆ వ్యవస్థను బిగించిన కంపెనీలో పనిచేసి మానేసిన వ్యక్తి, స్థానిక సంస్థలో ఉద్యోగం దొరకలేదన్న కోపంతో రేడియో ద్వారా దొంగ ఆజ్ఞలు పంపాడు. దాదాపు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకీ నీటి కాలవల్లోకీ చేరింది. అతడికి జైలుశిక్ష పడింది.

2010లో బయటపడిన స్టక్స్‌నెట్ ఇంకా నాలుగాకులు ఎక్కువే చదివింది. ఇరాన్‌లోని నటాంజ్ యురేనియం శుద్ధి కేంద్రమే దాని గురి. అక్కడి నెట్‌వర్క్‌కు ఇంటర్నెట్‌తో సంబంధం లేదు. పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకే ఈ వైరస్, పీఎల్‌సీలోకి దూరి సెంట్రిఫ్యూజ్‌ల వేగాన్ని ఇష్టమొచ్చినట్టు పెంచి తగ్గించింది. అంతకన్నా భయంకరమైన సంగతేంటంటే... అంతా మామూలుగానే ఉన్నట్టు పాత రీడింగులను తిరిగి చూపించే ఏర్పాటు కూడా అందులో ఉంది. యంత్రం విరిగిపోతుంటే స్క్రీను నవ్వుతూనే ఉంటుందన్నమాట! 2017లో సౌదీ అరేబియాలోని ఓ పెట్రోకెమికల్ ప్లాంటులో ప్రమాదాన్ని ఆపే భద్రతా కంట్రోలర్లనే గురిపెట్టారు. అదృష్టవశాత్తూ ప్లాంటు ఆగిపోయి గుట్టు బయటపడింది.

అందుకే ఇప్పుడు ఆఫీసు నెట్‌వర్క్‌కూ ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌కూ మధ్య గోడ కడుతున్నారు. దాటాలంటే కాపలా ఉన్న ద్వారం గుండానే. బయటి పెన్‌డ్రైవ్‌లు లోపలికి రానివ్వరు. ప్రాణాలు కాపాడే భద్రతా పరికరాలను మామూలు నియంత్రణ వ్యవస్థ నుంచి విడిగా ఉంచుతారు. మానేసిన ఉద్యోగి పాస్‌వర్డు అదే రోజు రద్దు చేస్తారు.

అడగాల్సిన ప్రశ్నలు

పెద్ద కంపెనీలకే కాదు, పాతిక మంది పనిచేసే చిన్న యూనిట్లకూ ఇప్పుడు ఈ నెట్‌వర్కులు అందుబాటులోకి వచ్చాయి. పాత యంత్రాన్ని పారేయక్కర్లేదు. దానికో సెన్సర్, ఓ చిన్న గేట్‌వే పెట్టె తగిలిస్తే చాలు, సెల్‌ఫోన్‌లో కబుర్లు వచ్చేస్తాయి. అయితే అమ్మేవారు స్క్రీను మీద రంగుల బొమ్మలు చూపిస్తారు. కొనేవారు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి.

* తీగ తెగితే, కరెంటు పోతే స్క్రీను మీద ఏం కనిపిస్తుంది? పాత అంకె నిలిచిపోతుందా, అలారం వస్తుందా?

* ట్యాంకులో పైన, మధ్యన, కింద... ఎక్కడెక్కడ కొలుస్తున్నాం? ఎక్కడ కొలవట్లేదు?

* వాల్వు మూయమని చెప్పామా, మూసుకుందని చూశామా?

* సెన్సర్‌ను సరిచూసి ఎన్నాళ్లయింది?

* ఒకేసారి వంద అలారాలు మోగితే ఆపరేటరు ముందుగా ఏది చూడాలి? త్రీమైల్ ఐలండ్‌లో దీపాలు, గంటలు అన్నీ కలిసి అసలు సంగతిని ముంచేశాయి.

* ఫ్యాక్టరీ ఆగి ఉన్నప్పుడు ఎవరు చూస్తారు? యంత్రాలకు సెలవున్నా రసాయనాలకు ఉండదు.

* అలారం గోడ లోపలే ఆగుతుందా, గోడ అవతలి ఊరికీ వినిపిస్తుందా?

రసాయన ఫ్యాక్టరీల పక్కన ఉండే కుటుంబాలకు చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. గంటకోసారి రౌండ్లు తిరిగే ఆపరేటరును ఇప్పటికీ మంచి ప్లాంట్లు మానిపించలేదు. గొట్టం మీద చెయ్యి పెట్టి చూసేవాడు, వాసనలో తేడా పసిగట్టేవాడు, స్క్రీను మీది అంకెను ట్యాంకు దగ్గరి మీటరుతో పోల్చి చూసేవాడు కావాలి. తీగ మీద వచ్చే కబురు ఆ మనిషికి సాయం. ఆ మనిషికి బదులు కాదు.

ఏం చదవాలి?

యంత్రాలను మాట్లాడించే ఈ పనికి ఐటీఐ నుంచే దారి ఉంది. రెండేళ్ల ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడులో సెన్సర్లు, మీటర్లు సరిచూడటం నేర్పుతారు. పాలిటెక్నిక్‌లలో ఎలక్ట్రానిక్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా, ఇంజినీరింగ్‌లో అదే పేరుతో బీటెక్ ఉన్నాయి. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ చదివినవారూ పీఎల్‌సీ, స్కాడా నేర్చుకుని ఈ రంగంలోకి వస్తున్నారు. ఏ కోర్సు చేరినా ఒకటి చూసుకోవాలి. కంప్యూటర్ మీద ప్రోగ్రామ్ రాయడమే కాదు, నిజమైన సెన్సర్‌కు తీగ బిగించి, ఆ తీగను కావాలనే తెంపి, అవతల ఏం కనిపిస్తోందో చూపించే ప్రయోగశాల అక్కడ ఉండాలి.